దుంకుడు బండ చాచా

మొన్న కాజీపేట నుంచి జనగామకు పాసింజర్ బండిలో వస్తున్నాను. స్టేషన్ ఘన్‌పూర్ దాటి కొంత దూరం వచ్చాక, ఎదురు సీట్లో ఉన్న ఒకాయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి భార్యకు చూపించాడు.

"గక్కడ ఒక పెద్ద బండ ఉండె. దాని మీదికెల్లి మనుషులు లేచి ఎగురుతుండె. చిన్నప్పుడు రైల్లకెల్లి చూసిన."

"ఎగురుడేంది? పిట్టలా?" అంది ఆమె.

"నిజం చెప్తున్న. కాళ్లకు ఏందో కట్టుకొని, నిలబడి జారి, గాల్లకు లేసేటోళ్లు. కింద ఒకాయన పచ్చజెండా ఊపేటోడు."

"నిద్రల కనబడి ఉంటది నీకు" అని ఆమె పల్లీలు ఒలుచుకోసాగింది.

ఆయన సాక్ష్యం అడుగుతున్నట్టు నా వైపు చూశాడు. నేను రైల్లో ఎవరితోనూ మాట్లాడే మనిషిని కాను. చేతిలో పుస్తకం ఉంటుంది, అది చాలు. ఆ రోజు మాత్రం పుస్తకం మూశాను. "నిజమే అమ్మా. జెండా ఊపేది మా చాచా. నెల కింద పోయిండు" అన్నాను. ఆ తర్వాత జనగామ వచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నాను. ఇన్ని మాటలు నాలో ఉన్నాయని నాకే తెలియదు.

చాచాకు పేరు ఉంది. ఊళ్లో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు కాబట్టి నేనూ రాయను. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పనిచేసి దిగిపోయాడు. పట్టాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటూ ముప్పై ఏళ్లు పట్టాల కింద అడ్డంగా పరిచిన స్లీపర్ మీది నుంచి స్లీపర్ మీదికి నడిచిన మనిషి. ఉద్యోగం అయిపోయింది కాని ఆ అడుగు పోలేదు. బజారుకు పోయినా, మసీదుకు పోయినా, పెళ్లి బరాత్‌లో పోయినా అదే కొలత, అదే వేగం. ఆయన పక్కన నడవటం కష్టం. మనం ఒకసారి వెనకబడతాం, ఒకసారి ముందుకు పోతాం. "నీ నడక ఎట్లనో ఉన్నది బేటా, నట్లు లూజైనయా?" అని మననే అనేవాడు.

ఆ అడుగే దుంకుడు బండకు కొలబద్ద అయింది.

ముందు బండ గురించి చెప్పాలి. రైలు పట్టాలకు కేక వినబడేంత దూరంలో, రైస్ మిల్లు వెనక ఉండేది. ఒక వైపు మెట్లు కొట్టినట్టు ఎక్కడానికి వీలుగా ఉంటుంది. మిల్లు వైపు మాత్రం నున్నటి వాలు. ఆ వాలు కింది చివర్లో కొంచెం పైకి లేచి, అక్కడితో తెగిపోతుంది. తెగిన చోటి నుంచి నేలకు రెండు నిలువుల లోతు. మిల్లువాళ్లు వడ్ల ఊకను తరతరాలుగా అక్కడే పోసేవారు. ఎత్తైన వాలు, చివర్లో చిన్న ఎగుడు, కింద మెత్తటి ఊక కుప్ప. ఈ మూడూ ఒక్కచోట దొరికితే మనుషులు ఊరికే ఉంటారా?

"మా నాయిన కాలంల కూసొని జారేటోళ్లు. నిలబడి దుంకుడు మా కాలంల మొదలైంది" అని చాచా చెప్పేవాడు. ఈ రెండు వాక్యాలే ఆ బండకున్న చరిత్ర. మిగిలిన చరిత్ర బండ మీదే ఉండేది. మూడు తరాలు జారిన దారి వెడల్పాటి గీతలాగా మెరుస్తూ రైల్లోంచి కనిపించేది.

రెండు తాటి మట్టలు తీసుకుని, అంచుల రంపపు పళ్లు చెక్కేసి, పాత సైకిల్ ట్యూబు ముక్కలతో కాళ్లకు కట్టుకునేవారు. ఆముదం గింజలు దంచి గుడ్డలో మూటకట్టి మట్టల అడుగున రుద్దేవారు. ఒక జత మట్టలు రెండు దుంకుళ్లకంటే ఎక్కువ ఆగవు. పైన నిలబడి మోకాళ్లు వంచి ముందుకు వాలితే చాలు. బండ లాక్కుపోతుంది. చివరి ఎగుడు దగ్గర సరిగ్గా లేవాలి. ముందే లేస్తే బోర్లా పడతావు, ఆలస్యమైతే రాయిలా కిందికి పోతావు. సరిగ్గా లేస్తే మాత్రం కాళ్ల కింద చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతుంది. నేను జీవితంలో నాలుగే సార్లు దుంకాను. ఆ చప్పుడు ఆగిపోవడం ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. ఆ తర్వాత రెండు రోజులు ఊక దురద కూడా ఉండేది.

చాచా ఎగుడుకు పక్కగా కింద నిలబడేవాడు. కుడిచేతిలో పచ్చజెండా, చంకలో ఎర్రజెండా. దారిలోకి బర్రె వచ్చినా, ఎవరైనా తాగి ఎక్కినా ఎర్రజెండా లేచేది. దానికి అప్పీలు లేదు. అన్నీ సరిగ్గా ఉన్నా పచ్చజెండా వెంటనే ఊపేవాడు కాదు.

"బండి రానియ్యి. చూసెటోళ్లు లేకుంట దుంకుడేంది?"

పాసింజర్ బండి కూత వినబడగానే పైన ఉన్నవాడు మట్టలు బిగించుకునేవాడు. ఇంజను మిల్లు గొట్టం దాటగానే చాచా "లైన్ క్లియర్!" అని అరిచి జెండా కిందికి కొట్టేవాడు. అటు రైలు, ఇటు మనిషి. కిటికీల నిండా తలలు, అరుపులు, ఈలలు. ఎవరో తెలియని వాళ్లు ఎవరో తెలియని వాడి కోసం గొంతు చించుకుని అరిచి, ముఖం కూడా చూడకుండా వెళ్లిపోయేవారు.

వెంటనే చాచా ఎగుడు కింద మడమ ఆనించి అడుగులు వేసేవాడు. ఒకటి, రెండు, మూడు. జనం కూడా లెక్కపెట్టేవారు. "తొమ్మిది స్లీపర్లు!" అంటే తొమ్మిదే. తేడా వస్తే, "తొమ్మిది మీద జానెడు. జానెడును నేను లెక్కవెట్ట. అల్లా లెక్కవెడ్తడు" అనేవాడు.

ఒకసారి జనగామ నుంచి ఒక పీఈటీ సారు టేపు తీసుకుని వచ్చాడు. అడుగులతో కొలవడం పద్ధతి కాదన్నాడు.

"సారూ, టేపు ఎండకు సాగుతది. నా కాలు ముప్పై ఏండ్ల సంది సాగలే."

"అయితే నడువు, కొలుస్త."

చాచా పది అడుగులు నడిచాడు. సారు టేపు పరిచి రాసుకున్నాడు. మళ్లీ నడిపించాడు. అయిదుసార్లు. అయిదోసారి సారు నేల మీద మోకాళ్లు ఆనించి టేపు దగ్గరికి ముఖం పెట్టి చూశాడు. వేలెడు తేడా లేదు. టేపు చుట్టేసి, చొక్కా విప్పి బండ ఎక్కాడు. అయిదు స్లీపర్లు దుంకాడు. చెవుల నిండా ఊకతో నవ్వుకుంటూ జనగామ బస్సెక్కాడు.

బండ మీద మొదటి ఆడమనిషి బుజ్జి. మిల్లుకు అవతలి తండా పిల్ల, అప్పటికి ఇరవై ఏళ్లుంటాయి. మిల్లులో గంపలతో ఊక ఎత్తిపోసేది. ఒక ఆదివారం గంప పక్కన పెట్టి చాచా ముందుకు వచ్చి నిలబడింది.

"ఊక పోసేది నేను, కుప్ప చేసేది నేను. దుంకుడు మాత్రం వీళ్లదా?"

మగపిల్లలు నవ్వారు. "బుజ్జక్కా, ఇది గంప ఎత్తుడు కాదు!" అని ఒకడు అరిచాడు.

చాచా వాడి వైపు చూడలేదు. "ఊక మీద నీకంటె ఎక్కువ హక్కు ఎవరికున్నది బిడ్డా? ఎక్కు. ఎగుడు కాడ తొందర పడకు" అన్నాడు. మొదటిసారి తొందరపడి బోర్లా పడింది. లేచి, నోట్లో ఊక ఉమ్మేసి, మళ్లీ ఎక్కింది. రెండోసారి "యాడీ!" అని తల్లిని పిలుస్తూ గాలిలోకి లేచింది. ఏడు స్లీపర్లు. అంతకుముందు నవ్వినవాడు నాలుగు దాటనివాడు. ఆ వారమంతా వాడు మిల్లు దిక్కు రాలేదు.

తెలంగాణ ఉద్యమం వచ్చినప్పుడు చాచా అందులోకి కూడా రెండు జెండాలతోనే వచ్చాడు. మండల కేంద్రంలో టెంటు కింద రోజూ కొందరు నిరాహార దీక్ష కూర్చునేవారు. పొద్దున్నే కూర్చునేవాళ్లను వరుసలో పెట్టి "లైన్ క్లియర్" అనేవాడు. నవ్వులాటే అనుకునేవాళ్లం, రైలు ఆపిన రోజు దాకా.

ఆ రోజు పిల్లలంతా పట్టాల మీద కూర్చున్నారు. చాచా వచ్చి తలకొట్టుకున్నాడు. "మీరు కూసుంటె బండి ఆగుతదా? డ్రైవరుకు దూరంకెల్లి ఎరుక కావాలె గద! ఆపాలంటె పద్ధతి ప్రకారం ఆపాలె" అని, లెక్కపెట్టుకుంటూ పట్టాల వెంట చాలా దూరం నడిచి, ఎర్రజెండా పాతి వచ్చాడు. బండి వచ్చి నింపాదిగా ఆగింది. డ్రైవరు కిందికి దిగి, "జెండా పెట్టింది ఎవరయ్యా? ఇట్ల పెట్టాల్నని మావోళ్లకే తెల్వదు" అన్నాడు. చాచా సిగ్గుపడ్డాడు. అంతకంటే పెద్ద పొగడ్త ఆయనకు ఎవరూ ఇవ్వలేదనుకుంటాను.

ఆ నెలల్లోనే పంచాయతీ గోడకు ఒక కాగితం అంటించారు. దుంకుడు బండను గ్రానైటు కోసం లీజుకు అడుగుతున్నారు, అభ్యంతరాలుంటే ఫలానా తేదీలోగా మండలాఫీసులో ఇవ్వండి అని. నేను ఆ ఆఫీసులోనే జూనియర్ అసిస్టెంటును. వచ్చిన కాగితాలు తీసుకుని ముద్ర కొట్టడం నా పని. చాచా నా దగ్గరికి వచ్చాడు. అర్జీ నేనే రాశాను. నేను అలంకారంగా రాయబోతే అడ్డుపడ్డాడు.

"గంత లేదు బేటా. ఇది ఉత్త బండ కాదు, దీని మీద మనుషులు దుంకుతరు. దుంకినోళ్ల సంతకాలు ఇగో. గంతే రాయి."

అంతే రాశాను. జనం వాడుకునే స్థలమని రుజువైతే లీజు ఆగే అవకాశం గట్టిగా ఉంది. ఆ మాట చెప్పగానే చాచా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. దుంకిన వాళ్లందరి సంతకాలూ తెస్తానన్నాడు. అందరివీ!

"యాభై చాలు చాచా. ఇయ్యాలనే ఇచ్చేయ్."

"ఎవనిది విడిచిపెడుదు? చెప్పు."

తొర్రూరు పోయాడు. నెల్లికుదురు పోయాడు. భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేసే ఒకడి కోసం షిఫ్టు దిగేదాకా గేటు దగ్గర కూర్చున్నాడు. ప్రతి ఒక్కడినీ స్లీపర్లతో గుర్తుపట్టేవాడు. "నువ్వు ఎనిమిది. మోచెయ్యి ఇరిగింది గద, సక్కగైందా?" పీఈటీ సారుతో కూడా సంతకం పెట్టించుకున్నాడు. రోజూ సాయంత్రం వచ్చి కాగితం చూపేవాడు. రోజూ నేను ఇచ్చేయమనేవాణ్ని. "ఇంక ముగ్గురున్నరు" అనేవాడు.

ఆ ముగ్గురిలో ఇద్దరు దొరికేసరికి ఉద్యోగులంతా సమ్మెకు దిగారు. ఆఫీసులకు తాళాలు పడ్డాయి. నేనూ సమ్మెలోనే ఉన్నాను. అర్జీకి చివరి తేదీ సమ్మె మధ్యలో పడింది. ఆ రోజు మండలాఫీసు గేటు దగ్గర కూర్చుని ఎవరినీ లోపలికి పోనివ్వకుండా చూసే వంతు చాచాది.

నేను పొద్దున్నే వెళ్లాను. చాచా గేటుకు అడ్డంగా కుర్చీ వేసుకుని ఉన్నాడు. నా కళ్లముందే ఇద్దరిని తిప్పి పంపాడు. ఒకాయనకు పొలం పహాణీ నకలు కావాలి. ఒకామెకు బిడ్డ చదువు కోసం కులం సర్టిఫికెట్టు కావాలి. ఆమె బతిమాలింది.

"చాచా, తాళపుచెవి సారు తాననే ఉన్నదంట. ఒక్క సంతకం."

"జర ఓపిక పట్టు బిడ్డా. అందరిది ఆగింది. నీదొక్కటి ఎట్ల పోనిత్తు?"

ఆమె వెళ్లిపోయాక నేను దగ్గరికి పోయి మెల్లగా అన్నాను. "వెనుక గోడ దిక్కు తలుపు ఉన్నది. ముద్ర ఎక్కడున్నదో నాకెరుకే. కాగితం ఇటియ్యి. రెండు నిమిషాల పని. ఎవరూ చూడరు."

చాచా జేబు మీద చెయ్యి వేశాడు. కొంతసేపు అలాగే ఉంచాడు. ఇస్తాడనే అనుకున్నాను.

"నేను వాపస్ పంపిన గా బిడ్డ ఇంక బస్టాండు కూడ చేరుకోలేదు బేటా."

"ఈ దినం పోతే బండ పోతది చాచా!"

"పోతది. నాకెరుకే."

"మరి?"

"నువ్వు ఇంటికి పో. ఈడ నిలబడకు. నువ్వు ఉంటె నా మనసు గుంజుతది."

నేను పోలేదు. టెంటు కింద కూర్చుని చూస్తూనే ఉన్నాను. చాచా సాయంత్రం ఆఫీసు వేళ ముగిసేదాకా కుర్చీ దిగలేదు, నీళ్లు కూడా కూర్చునే తాగాడు. అయిదున్నరకు లేచి, కుర్చీ మడిచి, "జై తెలంగాణ" అన్నాడు. టెంటు కింద ఉన్నవాళ్లు అందుకున్నారు. చాచా రోజూ కంటే గట్టిగా అన్నాడు.

సమ్మె ముగిశాక అర్జీ ఇచ్చాడు. పై నుంచి జవాబు వచ్చింది. గడువు దాటాక అందింది కాబట్టి పరిశీలించడం కుదరదని. ఆ జవాబును మళ్లీ చాచాకు తెలియజేసే ఉత్తరం నేనే రాయాల్సి వచ్చింది. ఇంటికి పోయి చేతికిచ్చాను. చదివి, "ఇది నీ అక్షరమేనా?" అన్నాడు. అవునన్నాను. "మంచిగున్నది" అన్నాడు.

చాలా ఏళ్లకు, రాష్ట్రం వచ్చి కుదురుకున్నాక, దవాఖానలో ఆయన పక్కన కూర్చుని ఒకసారి అడిగాను. ఆ రోజు ఆ కాగితం నాకిచ్చి ఉంటే బండ ఉండేది కదా అని. చాచా ఆలోచించకుండానే చెప్పాడు.

"బండ ఉండేది. దాని మీదికి నేనెట్ల ఎక్కేది?"

నేను ఎక్కువగా గుర్తుచేసుకునేది దవాఖానను కాదు. చివరి ఆదివారాన్ని.

మిషన్లు వచ్చి బండ కింద నిలబడ్డాయి. సోమవారం పని మొదలు. ఆదివారం చాచా అందరికీ కబురు పెట్టాడు. అర్జీలో సంతకం పెట్టిన వాళ్లంతా వచ్చారు! తొర్రూరు నుంచి, నెల్లికుదురు నుంచి, భూపాలపల్లి నుంచి. పెళ్లాలనూ పిల్లలనూ తీసుకుని వచ్చారు. రోడ్డు మీద వంటావార్పు చేస్తున్న ఉద్యమం వాళ్లు వంట గంజులతో సహా మిల్లు వెనక్కి వచ్చేశారు. మిల్లు గోడ మీద జనం, చెట్ల మీద జనం. ఊరంతా దంచిన ఆముదం వాసన. బుజ్జి పొద్దుటి నుంచీ ఊకను పారతో గుల్ల చేస్తూనే ఉంది.

పొట్టలు వచ్చినవాళ్లు దుంకారు. తెల్లజుట్టు వాళ్లు దుంకారు. గని నుంచి వచ్చినవాడు ఎనిమిది దుంకి, మోచెయ్యి ఎత్తి చాచాకు చూపించాడు. చాచా గొంతు పోయింది. అయినా ప్రతి అంకెనూ అరుస్తూనే ఉన్నాడు. చివరికి బుజ్జి ఎక్కింది. పైన చాలాసేపు నిలబడింది. బండి కూత వినబడింది. ఇంజను మిల్లు గొట్టం దాటింది. జెండా పడింది. బుజ్జి వంగి, బండను ఒక్కసారి కూడా తడబడకుండా దాటి, ఎగుడు మీద లేచింది. ఎంతసేపు గాలిలో ఉందో నాకు తెలియదు. రైలు కిటికీల్లోంచి అరుపులు వస్తూనే ఉన్నాయి. ఊక కుప్ప అవతలి అంచున పడింది, ఎవరూ ఎప్పుడూ పడని చోట. చాచా అడుగులు వేస్తుంటే జనమంతా లెక్కపెట్టాం. పదకొండు, పన్నెండు, పదమూడు, పద్నాలుగు. అంతకుముందు ఎవరూ పన్నెండు దాటలేదు. బుజ్జిని భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆమె మీది నుంచి రాలిన ఊక మా అందరి మీదా పడింది.

ఆ గోలలో చాచా మిషన్ల వైపు చూశాడు. అక్కడ డ్రిల్లింగ్ మిషను నడిపే మనిషి ఒక్కడూ నిలబడి ఉన్నాడు. ఒంగోలు దిక్కు నుంచి పనికి వచ్చినవాడు.

"నువ్వు గూడ రా బిడ్డా. దుంకు."

"నేనెందుకులెండి పెద్దాయనా" అన్నాడు అతను ఇబ్బందిగా.

ఆ మాట తీరు వినగానే జనంలో కదలిక వచ్చింది. ఆ రోజుల్లో ఆ యాస వినబడితే చాలు. "ఆంధ్రోనికి మన బండ మీద ఏం పని?" అని ఒకడు లేచాడు.

"రేపు పగులగొట్టెటోడు గాయినే. ఏం పగులగొడుతుండో ఎరుక గావద్దా?" అని చాచా తానే కూర్చుని అతని కాళ్లకు మట్టలు కట్టాడు. బుజ్జి పైదాకా పోయి ఎక్కడ వంగాలో చూపించింది. రైలు లేదు, అయినా జెండా ఊపాడు. అతను కళ్లు మూసుకుని జారాడు. గాలిలో "అమ్మో" అన్నాడు. ఊకలోంచి తల బయటపెట్టి, నవ్వు ఆపుకోలేక, మళ్లీ దుంకుతానన్నాడు. ఆరు స్లీపర్లు. ముందుగా చప్పట్లు కొట్టింది ఇందాక లేచినవాడే.

సోమవారం పొద్దున మళ్లీ అంతా గుమిగూడాం. రాత్రి గడిచేసరికి మనసులు మారిపోయాయి. నలుగురైదుగురి చేతుల్లో రాళ్లున్నాయి. అతను మిషను దగ్గర నిలబడ్డాడు. ముందుకు రాలేడు, వెనక్కి పోలేడు.

చాచా వచ్చి అతని ముందు నిలబడి మా వైపు తిరిగాడు. "రాళ్లు కింద పడెయ్యుండ్రి. ఈయనది ఆరు స్లీపర్లు. నేనే కొలిచిన. ఈయన మనోడు."

రాళ్లు పడ్డాయి. అతను చాచాతో, "నేను చెయ్యలేను పెద్దాయనా. మా సారుకు చెప్పేస్తాను, ఇంకొకళ్లను పెట్టుకోమని" అన్నాడు.

"ఇంకొకడొస్తె వానికి ఇది ఉత్త బండ. నీకైతె ఎరుకే" అన్నాడు చాచా. "నువ్వే చెయ్యి."

అతను చెప్పులు విడిచి, డ్రిల్లు అందుకుని బండ ఎక్కాడు.